టిటాన్యెన్ దారిలో టిప్పర్లు

2010 జనవరి 12, మంగళవారం. సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు హైతీ రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ కూలిపోయింది. పడమరగా పాతిక కిలోమీటర్ల దూరంలో, లెయోగాన్ పట్నం దగ్గర, 13 కిలోమీటర్ల లోతున భూమి చీలింది. తీవ్రత 7.0. నిమిషం గడిచేలోగా అంతా అయిపోయింది. అధ్యక్షుడి తెల్లటి భవనం పై అంతస్తు కింది అంతస్తు మీద కూర్చుంది. ప్రధాన చర్చి కూలింది, ఆర్చ్‌బిషప్ మరణించారు. ఐక్యరాజ్యసమితి బృందానికి కార్యాలయంగా ఉన్న క్రిస్టఫర్ హోటల్ నేలమట్టమైంది, ఆ బృందం అధిపతి హెదీ అన్నాబీ అందులోనే ప్రాణం విడిచారు. రాజధానిలోని మంత్రిత్వ శాఖల భవనాల్లో నిలిచింది దాదాపు ఏదీ లేదు. దిక్కు చూపాల్సినవాళ్ళూ దిక్కులేనివాళ్ళూ ఒకే రాత్రి ఒకే వీధిలో పడుకున్నారు.

ఆ ఊరు ఆ సాయంత్రమే కూలిందనుకోవడం అన్యాయం. 1751లో ఒకసారి, 1770లో మరోసారి భూకంపం ఆ ఊరిని నేలకూల్చింది. తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా భూమి ఊరుకుంది, జనం మరిచిపోయారు. ఏటా వచ్చే తుపానే వాళ్ళకు తెలిసిన శత్రువు. గాలికి లేచిపోకూడదని ఇంటిమీద బరువైన స్లాబు వేసుకున్నారు. కింద సిమెంటు ఇటుకల గోడ, కడగని ఇసుక, తగ్గించిన సిమెంటు, మెలికల్లేని నున్నటి ఇనుప చువ్వ. తుపానును ఆపిన ఆ స్లాబే మనిషిని నలిపేసింది. ఇల్లు ఎలా కట్టాలో చెప్పే నిబంధనలు దేశంలో లేవు, ఉన్నా అడిగే అధికారి లేడు. ఆ పేదరికానికీ చరిత్ర ఉంది. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశమది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోగొట్టుకున్న ‘ఆస్తి’కి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో మనుషులు కూడా ఉన్నారు. తమను తాము కొనుక్కున్న అప్పు తీర్చడానికే వాళ్ళకు వందేళ్ళకు పైగా పట్టింది.

మొదటి రాత్రి కరెంటు లేదు, ఫోన్లు లేవు. చేతులతో, సుత్తులతో, కారు జాకీలతో తవ్వారు. బతికి బయటపడినవాళ్ళలో చాలామందిని తీసింది ఇరుగుపొరుగే. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత లోకం చూసిన బొమ్మల్లో వాళ్ళు లేరు. విదేశాల నుంచి వచ్చిన రెస్క్యూ బృందాలు అన్నీ కలిసి ప్రాణాలతో తీసినవాళ్ళు 130 మందికి కాస్త పైన. అవి తక్కువ ప్రాణాలని కాదు. అందులో ఒక అమ్మాయి పదిహేనో రోజున దొరికింది. ఫ్రెంచి బృందం తవ్వి తీసింది. అయితే శిథిలాల కింది నుంచి వస్తున్న ఆ పీలగొంతు విని వాళ్ళను పిలుచుకొచ్చింది ఆ వీధి జనమే.

హైతీకి యంత్రాలు అసలే లేవన్నది నిజం కాదు. రోడ్లు వేయడానికి ప్రభుత్వానికి సొంతంగా ఒక జాతీయ పరికరాల కేంద్రం ఉండేది. దానికి లోడర్లు, టిప్పర్లు, వాటిని నడిపే హైతీ ఆపరేటర్లు ఉన్నారు. భూకంపం తర్వాత వాళ్ళకు దక్కిన మొదటి పని శవాల్ని ఎత్తడం. ఎండకు ఉబ్బిపోయిన శరీరాలు రోడ్డు పక్కన వరసలుగా ఉన్నాయి. ఆసుపత్రి మార్చురీ నిండి, వాకిలి నిండి, వీధి నిండింది. లోడర్ బకెట్ నేలకు ఆనుతుంది, ముందుకు జరుగుతుంది, పైకి లేస్తుంది, టిప్పర్‌లోకి ఒరుగుతుంది. మట్టికీ కంకరకూ చేసే కదలికలే అవి. లివర్ కదిలిస్తే బకెట్ వంగుతుంది, దానికి మనిషికీ మట్టికీ తేడా తెలియదు. తెలిసేది సీట్లో కూర్చున్నవాడికే. నిండిన టిప్పర్లు ఊరికి ఉత్తరాన ఉన్న టిటాన్యెన్‌కు వెళ్ళాయి. అక్కడ పొడవాటి గోతులు తవ్వి, పేర్లు రాసుకోకుండా, లెక్క పెట్టకుండా పూడ్చారు. అందుకే చనిపోయింది ఎందరో ఇప్పటికీ తేలలేదు. ప్రభుత్వం 3 లక్షలు దాటారంది, మిగతా అంచనాలు అందులో సగం దగ్గరా ఇంకా కిందా ఆగాయి. మా కృష్ణా జిల్లాలో 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన చూసిన పెద్దలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. దివిసీమలో శవాలు ఎత్తిన విద్యార్థులూ సేవకులూ ఆ తర్వాత అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయామని చెప్పుకునేవారు. పోర్ట్ ఓ ప్రిన్స్ ఆపరేటర్లకు ఆ మాట చెప్పుకునే తీరికైనా దొరికిందో లేదో.

ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా పొక్లెయిన్, క్రేన్, డోజర్ నడిపేవాళ్ళకు ఒకటే ఆలోచన వచ్చింది. నా చేతిలో పని ఉంది, అక్కడ అవసరం ఉంది, వెళ్దామా? మంచి మనసుకు తట్టే ప్రశ్నే. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ ఆ వారం విమానాశ్రయానికి ఉన్నది ఒకే రన్‌వే, కంట్రోల్ టవర్ దెబ్బతింది. ఓడరేవులో క్రేన్ నీళ్ళలోకి ఒరిగింది. హద్దుల్లేని వైద్యుల సంస్థ ఆసుపత్రి గుడారాలతో పంపిన విమానాన్నే దిగనివ్వకుండా పక్క దేశానికి మళ్ళించారు. అలాంటి చోట ఉత్త చేతులతో దిగిన మనిషికి తాగునీళ్ళు కావాలి, పడుకునే చోటు కావాలి, డీజిల్ కావాలి, భాష తెలిసిన తోడు కావాలి. అవన్నీ అక్కడి బాధితుడి వాటాలోంచే రావాలి.

శిథిలాల మీద యంత్రం నడపడం రోడ్డు పని లాంటిది కాదు. అంతస్తు మీద అంతస్తు పడ్డ భవనంలో మనిషి బతికి ఉంటే ఏదో ఒక స్తంభం మొండి పక్కన జానెడు ఖాళీలో ఉంటాడు. పొక్లెయిన్ పక్కనుంచి కదిలితే చాలు, ఆ అదురుకు ఖాళీ మూసుకుపోవచ్చు. తెలిసినవాడు ముందు యంత్రాలన్నీ ఆపిస్తాడు. మనుషులు మౌనంగా నిలబడి వింటారు. తర్వాత స్లాబుకు గొలుసు కట్టి, పక్కకు ఈడ్చకుండా, పైనుంచి ఒక్కొక్క పొరగా క్రేన్‌తో లేపుతారు. ఆపరేటర్‌కు కనబడే చోట ఒక మనిషి నిలబడి చేతి సైగలు చేస్తుంటాడు. ఆపరేటర్ చూపు ఆ చేతి మీదే ఉండాలి. ఒకరి సైగ ఒకరికి అర్థం కావడానికి నెలల సాధన కావాలి. గనుల్లోనో కాలువల మీదో పదేళ్ళు పనిచేసిన మొనగాడైనా ఇక్కడ కొత్తవాడే.

అడగకుండా వెళ్ళిన మంచితనం ఎక్కడికి దారి తీసిందో అదే నెలలో కనబడింది. అమెరికా నుంచి వచ్చిన పదిమంది మత సేవకులు 33 మంది పిల్లల్ని సరిహద్దు దాటిస్తూ పట్టుబడ్డారు. అనాథలని చెప్పారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. అంతకంటే పెద్ద విషాదం అక్టోబర్‌లో వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో నేపాల్ నుంచి వచ్చిన సైనికుల శిబిరం మురుగు మిర్‌బలే దగ్గర నదిలో కలిసింది. వందేళ్ళుగా కలరా ఎరగని దేశంలో 8 లక్షల మందికి అది సోకింది, దాదాపు 10 వేల మంది పోయారు. ఆ సంస్థ క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబర్ దాకా పట్టింది. ఆ సైనికులూ సాయానికి వెళ్ళినవాళ్ళే. నేరం వాళ్ళది కాదు, పంపినవాళ్ళ అశ్రద్ధది.

మిగిలింది శిథిలాల కుప్ప. సుమారు కోటి ఘనమీటర్లు. టిప్పర్‌కు పది ఘనమీటర్లు వేసుకున్నా పది లక్షల ట్రిప్పులు. ఇక్కడే నా గుండె మండుతుంది. ఇది ప్రాణాలు కాపాడే తొందరలో చేసే పని కాదు. ఏళ్ళ తరబడి చేయాల్సిన పని, జీతం రావాల్సిన పని. హైతీ కుర్రాళ్ళకు ఆపరేటర్ చదువు చెప్పి, లైసెన్స్ ఇచ్చి, యంత్రం అప్పగిస్తే ఒక తరం నిలదొక్కుకునేది. ఆ సంవత్సరం వచ్చిన అత్యవసర సహాయ నిధుల్లో ఆ దేశ ప్రభుత్వం చేతికి నేరుగా వెళ్ళింది నూటికి ఒక డాలర్ దగ్గర. మిగతా డబ్బు బయటి సంస్థలు, బయటి కంట్రాక్టర్ల గుండా తిరిగింది. కెనపే-వేర్, ఫోర్ నాసియొనాల్ లాంటి కొండవాలు పేటల్లో సందులు ఎంత ఇరుకంటే పొక్లెయిన్ మూతి కూడా దూరదు. అక్కడ ఆడా మగా కలిసి సుత్తితో కొట్టి, బకెట్లకెత్తి, చక్రాల బండిలో దొర్లించి కిందికి దించారు. రోజు కూలి సుమారు 5 డాలర్లు. స్థలం ఎవరిదో చెప్పే కాగితం లేనిచోట కుప్ప కదపడానికి వీల్లేదు. పారబోయడానికి అనుమతి ఉన్నది దాదాపు ఒకే చోట, త్రుయితియే అనే చోట. రెండేళ్ళు గడిచేసరికి కుప్పలో సగం కదిలింది. కూలిన అధ్యక్ష భవనాన్ని 2012లో తీసేసింది కూడా ఒక అమెరికా సినిమా నటుడు షాన్ పెన్ స్థాపించిన సంస్థే. తన రాజ్య చిహ్నం శిథిలాన్నైనా తన చేతులతో ఎత్తుకునే అవకాశం ఆ దేశానికి దక్కలేదు.

జగిత్యాల, నిజామాబాద్ నుంచీ కోనసీమ నుంచీ గల్ఫ్‌కు వెళ్ళి జేసీబీలూ క్రేన్లూ నడుపుతున్న మనవాళ్ళకు ఈ కథ దూరం కాదు. రేపు ఎక్కడో భూమి కంపిస్తుంది, ఏజెంటు ఫోన్ చేస్తాడు, లేదా మనసే పిలుస్తుంది. నా మాట సూటిగా చెబుతాను. ఆ దేశం అడిగిన బృందంలో, మీ తిండీ నీళ్ళూ డీజిలూ మీతో ఉంటేనే వెళ్ళండి. జీతం తీసుకుంటే సిగ్గుపడకండి, దాని కాగితం మాత్రం చేతిలో ఉంచుకోండి. ఉచితంగా చేస్తామంటే, మీ సీటు వల్ల అక్కడి ఆపరేటర్ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందేమో ముందు అడగండి. అతను పక్క సీట్లో కూర్చుని నేర్చుకుంటుంటే నెలలు ఉండండి. లేదంటే హైడ్రాలిక్ హోస్ పైపులకూ ఫిల్టర్లకూ డీజిల్‌కూ ఆ డబ్బు పంపండి. విడిభాగాల్లేక ఆగిపోయిన యంత్రం పక్కన పనిలేక నిలబడ్డ ఆపరేటర్‌కు అదే పెద్ద సాయం.

2021 ఆగస్టు 14న హైతీ దక్షిణాన మళ్ళీ 7.2 తీవ్రతతో భూమి కదిలింది. 2,200 మందికి పైగా చనిపోయారు. రాజధాని నుంచి అక్కడికి పోయే ప్రధాన రోడ్డు అప్పటికి మార్తిస్సాన్ దగ్గర ముఠాల చేతిలో ఉంది. వాళ్ళు దారి ఇచ్చిన గంటల్లోనే లారీలు వెళ్ళాల్సి వచ్చింది. పదకొండేళ్ళ ముందు వచ్చిన సంస్థల్లో చాలావరకు ఎప్పుడో సర్దుకుని వెళ్ళిపోయాయి. లే కే పట్నంలో కూలిన ఇళ్ళ మీదికి మొదట ఎక్కింది ఆ ఊరివాళ్ళే, చేతికి దొరికిన పలుగులతో.