బకాయిలు, వడ్డీ రేట్లు, ఉచిత కరెంటు: చింతమడక వైపు నుంచి తెలంగాణ సౌర విద్యుత్ మార్కెట్

చింతమడక చుట్టుపక్కల పొలాల్లో బోరు మోటరుకు ఆటోస్టార్టరు బిగించుకోవడం ఒకప్పుడు అవసరం. కరెంటు విడతలుగా వచ్చేది, అందులో ఒక విడత రాత్రిపూట. రైతు చీకట్లో పాముకూ షాకుకూ భయపడుతూ పొలం వెళ్లే పని లేకుండా మోటరు దానంతటదే నడిచేది. 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలయ్యే ముందు ప్రభుత్వమే వాటిని తీసేయమని రైతులను కోరింది. మోటర్లు రోజంతా నడిస్తే బోర్లు ఎండిపోతాయన్నది దాని ఆందోళన. ఆ ఉచిత కరెంటు నిర్ణయం తీసుకున్న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు పుట్టింది చింతమడకలోనే.

ఈ మోటర్లకూ సౌర విద్యుత్ పెట్టుబడులకూ సంబంధం దగ్గరిది. తెలంగాణలో సోలార్ ప్లాంటు పెట్టేవారికి అప్పు ఏ వడ్డీకి పుడుతుందన్నది ఎండ తీవ్రత కన్నా, ఈ ఉచిత కరెంటు ఖర్చును ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌కు ఎప్పుడు చెల్లిస్తుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కరెంటు ధర ఇక్కడ రాజకీయంగా మారిన తీరు ముందు చూడాలి. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ బోర్డు విడిపోయింది, 2000లో చార్జీలు పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటి డిప్యూటీ స్పీకర్ చంద్రశేఖర్ రావు చార్జీల పెంపును వ్యతిరేకించారు, 2001లో పదవి వదిలి కొత్త పార్టీ పెట్టారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి పెట్టిన తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీదే. అప్పటినుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ ఆ హామీని వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని నేనూ అనను. మెట్ట పొలాల్లో బోరే ఆధారమైన రైతుకు అది బతుకుదెరువు.

2014 విభజనలో విద్యుత్తులో 53.89 శాతం వాటా వచ్చినా తెలంగాణకు కొరత తప్పలేదు. థర్మల్ కేంద్రం కట్టడానికి ఏళ్లు పడుతుంది, సోలార్ ప్లాంటుకు ఏడాది చాలు. అందుకే 2015లో సౌర విధానం వచ్చింది, 2,000 మెగావాట్ల టెండరు వచ్చింది. ఇందులో తెలంగాణ చేసిన మంచి పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ కర్నూలులో 1,000 మెగావాట్లు ఒకేచోట పెట్టగా, ఇక్కడ ప్లాంట్లను జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గరికి పంచారు. పంపు మోటర్లకు దగ్గర్లోనే కరెంటు పుడితే లైన్ నష్టం తగ్గుతుంది, చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ నిలబడుతుంది.

ఆ టెండరులో కనిష్ఠ ధర యూనిట్‌కు 5 రూపాయల 17 పైసలు. 2017 మేలో రాజస్థాన్‌ భడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు పడిపోయింది. దాంతో పాత ఒప్పందాలు పాలకులకు భారంగా కనిపించసాగాయి. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగదోడేందుకు కమిటీ వేసింది, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయలకు దిగమంది. దాదాపు 21,000 కోట్ల రూపాయల అప్పులు ప్రమాదంలో పడ్డాయని రేటింగ్ సంస్థ క్రిసిల్ హెచ్చరించింది. 2022 మార్చి 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం ఒప్పంద ధరే చెల్లించాలని తీర్పిచ్చింది. అప్పటిదాకా కంపెనీలకు ముట్టింది మధ్యంతర రేటే. సంతకం చేసిన ధర 25 ఏళ్లు నిలుస్తుందన్న నమ్మకం మీదే బ్యాంకు అప్పిస్తుంది. ఆ నమ్మకం ఒక రాష్ట్రంలో సడలితే పక్క రాష్ట్రానికి అప్పిచ్చేటప్పుడూ బ్యాంకు వెనకాడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక మెగావాటు ప్లాంటుకు 4 కోట్లు పెట్టుబడి అనుకుంటే 70 శాతం, అంటే 2.8 కోట్లు, అప్పు. ఏడాదికి 16 లక్షల యూనిట్లు పండుతాయి. వడ్డీ ఒక్క శాతం పెరిగితే తొలి ఏడాది 2.8 లక్షల అదనపు భారం, యూనిట్‌కు సుమారు 17 పైసలు. ఇప్పుడు డిస్కమ్ ఆలస్యాన్ని తీసుకోండి. యూనిట్ ధర 3 రూపాయల 13 పైసలు అనుకుంటే ఏడాది రాబడి 50 లక్షలు. ఆరు నెలల బిల్లులు ఆగితే 25 లక్షలు ఇరుక్కుపోతాయి. 10 శాతం వడ్డీకి తెచ్చి సర్దుకుంటే ఏటా 2.5 లక్షలు, యూనిట్‌కు 15 పైసలకు పైనే. ఆరు నెలల బకాయి, ఒక శాతం వడ్డీ పెంపు దాదాపు సమానం. డిస్కమ్ కట్టాల్సిన ఆలస్య రుసుము చేతికందేదాకా ఆ భారం ప్లాంటుదే. తర్వాతి టెండరులో అదే రేటుగా మారి ప్రజల మీద పడుతుంది.

కేంద్రం 2022 జూన్‌లో ఆలస్య రుసుము నిబంధనలు తెచ్చింది. ఆ ఆగస్టులోనే బకాయిల పేరిట తెలంగాణ సహా 13 రాష్ట్రాలను పవర్ ఎక్స్ఛేంజీలో కొనుగోళ్ల నుంచి ఆపారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. మోటర్లకు మీటర్లు పెట్టడం వంటి సంస్కరణలు చేస్తే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అదనంగా అర శాతం అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం చెప్పినా చంద్రశేఖర్ రావు మీటర్లకు ఒప్పుకోలేదు. రైతు భయాన్ని ఆయన సరిగానే పట్టుకున్నారు: మీటరు వెనకే బిల్లు వస్తుందని ఊరికి తెలుసు. కానీ లెక్క లేకపోతే ఎంత సబ్సిడీ ఇవ్వాలో తేలదు, తేలని సబ్సిడీ ఆలస్యమవుతుంది. మీటరును బోరుకు కాక, మోటర్లకు కరెంటు తెచ్చే లైనుకు, అంటే ఫీడరుకు, పెడితే ఈ చిక్కు వీడుతుంది. మహారాష్ట్ర 2017 నుంచి వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్తుతో నడిపే పథకం అమలు చేస్తోంది. పగలే కరెంటు, పగలే సాగునీరు.

విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం సబ్సిడీ సొమ్మును డిస్కమ్‌కు ముందుగానే కట్టాలి. కావలసింది కొత్త చట్టం కాదు, ఉన్నదాన్ని పాటించడం. తెలంగాణ 2025 జనవరి హరిత ఇంధన విధానం 2030 నాటికి 20,000 మెగావాట్లు అదనంగా కోరుతోంది. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్లు పెట్టిస్తామంటోంది. పెద్ద కంపెనీ ఆరు నెలల బకాయిని మోయగలదు. వాయిదా ఆగితే బ్యాంకు ముందు జవాబు చెప్పుకోవలసిన మహిళా సంఘం మోయలేదు. కాబట్టి ఆ ప్లాంట్లకు కరెంటు సొమ్ము ఎస్క్రో ఖాతా ద్వారా నెలనెలా నేరుగా అందేలా ఒప్పందంలోనే రాయాలి, తొలి ప్లాంటు గ్రిడ్‌కు కలపకముందే.