విద్యుత్ తాళపత్రము

రేపల్లె, బాపట్ల తాటితోపుల నడుమ పెరిగినవాడను గనుక తాటాకు గ్రంథము నాకు క్రొత్త కాదు. గంటముతో వ్రాసి మసి పూసిన యా యక్షరము తనంత తాను వెలుగదు. పగటి వెలుతురే దానికి దీపము.

1997లో అమెరికాలో వెలసిన ఈ-ఇంక్ సంస్థవారి విద్యుత్కాగితమునకును అదియే స్వభావము. వెండ్రుక మందమంత గోళములలో తెల్లని, నల్లని రేణువులుండును. విద్యుత్తు సోకగా నేవి పైకి వచ్చునో ఆ వన్నెయే కనబడును. విద్యుత్తు తొలగినను అక్షరము చెదరదు. కన్నులు మసకబారిన నావంటివానికి అక్షరమును పెద్దది చేసికొను వీలును కలదు.

2004లో జపానున సోనీవారు ఇట్టి తెరతో లిబ్రియే యను పఠనయంత్రమును విక్రయించిరి. 2007లో అమెజానువారి కిండిల్, పిదప నూక్, కోబో పోటీకి దిగెను. తెర యందరిదియు నించుమించుగ నొక్కటే. పోరెల్ల పుస్తకముల యంగడి కొరకే. ముందు నడచిన సోనీయే 2014లో ఉత్తర అమెరికాలోని తన పుస్తకశాలను మూసికొనెను.

2016లో అమెజాను హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ గ్రంథములకు కిండిల్‌లో తావిచ్చెను. ఆ పట్టికలో తెలుగు లేదు! తెనాలి అచ్చుపుస్తకములు చదివి పెరిగిన నాకది ముల్లై గ్రుచ్చుకొనెను. అప్పటికే మన కినిగెవారు తెలుగు పుస్తకములను అంతర్జాలమున విక్రయించుచునే యుండిరి.