ఊరు విడుచుటయా, ఇల్లు కనిపెట్టుకొని ఉండుటయా?

భీమవరమునకు సముద్రము సుమారు 20 కిలోమీటర్ల దూరము. తుపాను కబురు వచ్చినప్పుడు ఇక్కడివారు సాధారణముగా గాలి హోరును బట్టి, లోగడ చూచిన తుపానులను బట్టి కదలుటయో మానుటయో తేల్చుకొందురు. కాని మన తీరమున వేలకొలదిగా ప్రాణములు తీసినది ఉప్పెన.

కోరంగి రేవు 1789లోను, 1839లోను ఉప్పెన పాలయ్యెను. కలకత్తాలో ఉండి ఆ వృత్తాంతములు సేకరించిన హెన్రీ పిడింగ్టనే 'సైక్లోన్' అను పేరు పెట్టినవాడు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెన కొన్ని చోట్ల 17 మైళ్లు లోనికి పోయినది. సుమారు 30 వేలమంది మరణించిరి. 17 మైళ్లనగా 27 కిలోమీటర్లు! భీమవరమువారు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను.

ఇంత నీరు ఎట్లు లేచును? తుపాను నడుమ గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రమట్టము సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. దీనివలన వచ్చునది మీటరు లోపే. తక్కినదంతయు గాలి నెట్టుకొని వచ్చిన నీరు; తీరమున లోతు తక్కువగుటచే అది వెనుకకు మరలలేక పైకెక్కును. మన అర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కాబట్టి తూర్పు నుండి వచ్చు తుపాను తీరము దాటిన చోటికి ఉత్తరపు వైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. బందరు వద్ద దాటిన తుపాను నరసాపురమునకు ప్రమాదము. కాకినాడకు ఎగువన దాటినదాని ఉప్పెన భయము మనకు తక్కువ.

1977 నవంబరు 19న జరిగినది దీనికి సాక్ష్యము. తుపాను కేంద్రము చీరాల దగ్గర దాటినది. సముద్రము మీదపడినది దివిసీమపై. సుమారు 10 వేలమంది పోయిరి. హెచ్చరికలు లేకపోలేదు, కదలినవారు కొద్దిమంది. పంటచేను, కట్టుగొయ్యనున్న పశువులు విడిచి పోవుట రైతునకు సులభమా? ఆ తరువాత తీరమున తుపాను ఆశ్రయములు కట్టిరి. 1990 మేలో కృష్ణ ముఖద్వారము దగ్గర మరొక భయంకరమైన తుపాను దాటినప్పుడు, ఆరు లక్షలకు పైగా జనమును ముందే తరలించిరి. చనిపోయినవారు వెయ్యికి లోపు. ఏ రెండు తుపానులును సమానములు కావు గాని, ఈ తేడా సామాన్యమైనది కాదు.

1996 నవంబరు 6నాటి తుపాను కోనసీమను పాడుచేసినప్పుడు వెయ్యిమందికి పైగా పోయిరి. వేటకు పోయి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. ఇండ్లు కూలి చచ్చినవారును కలరు. మెరకనున్న గట్టి డాబాలో ఉండుట భీమవరమున తరచు మంచిదే. పూరిపాకలో ఉన్నవారు మాత్రము దగ్గరి బడి భవనమునకు చేరవలెను. యనమదుర్రు కాలువ ఒడ్డున పల్లపు ఇండ్లవారికిని ఇదియే మాట; సముద్రము పొంగినప్పుడు కాలువ నీరు దిగక, వాననీరు ఊరిలోనే నిలిచిపోవును. చెట్లు కూలి దారులు మూసుకొనకముందే బయలుదేరవలెను. నడుమ గాలి హఠాత్తుగా ఆగినచో తుపాను కన్ను పైన ఉన్నదని అర్థము. కొంతసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుండి తిరిగి వచ్చును.