బ్లేడ్ చవక, కార్ట్రిడ్జ్ ఖరీదు: 120 ఏళ్ల రేజర్ కథ

ఈ ఎపిసోడ్‌కి ముందు మీకో చిన్న పని. మీ ఏరియాలో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి "అన్నా, ఒక బ్లేడ్ ప్యాకెట్ ఇవ్వు" అని అడగండి. మీ రేజర్ ఏ కంపెనీది, ఏ మోడల్ అని ఆయన అడగడు. చేతికందింది తీసి ఇచ్చేస్తాడు. ఆ బ్లేడ్ మీ తాతయ్య వాడిన రేజర్‌లో పడుతుంది. నిన్న ఆన్‌లైన్‌లో కొన్న స్టీల్ రేజర్‌లోనూ పడుతుంది. వందేళ్ల కిందట అమెరికాలో తయారైన పాత జిలెట్ రేజర్ దొరికితే, దాంట్లోనూ పడుతుంది.

ఇప్పుడు కార్ట్రిడ్జ్ అడగండి. మొదటి ప్రశ్న "ఏ హ్యాండిల్?" అనే వస్తుంది. ఒక కంపెనీ తల ఇంకో కంపెనీ హ్యాండిల్‌కి ఎక్కదు. చాలాసార్లు అదే కంపెనీ పాత మోడల్‌కీ ఎక్కదు. రేటు చూస్తే, మామూలు బ్లేడ్ రెండు మూడు రూపాయల నుంచి దొరుకుతుంది. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఒక్కోటి వంద దాటేస్తుంది.

రెండూ స్టీలే. రెండూ కోసేది అదే గడ్డాన్ని. మరి ఇంత తేడా ఎక్కడిది? కార్ట్రిడ్జ్ వదిలేసి మళ్లీ సబ్బు, బ్రష్, డబుల్ ఎడ్జ్ రేజర్ వైపు వస్తున్నవాళ్లని చూసి "ఏంట్రా ఈ పాతకాలం పిచ్చి" అనుకుంటాం కదా, దాని వెనక ఉన్న అసలు చరిత్ర ఇవాళ చూద్దాం.

బాటిల్ మూత నుంచి పుట్టిన ఐడియా

19వ శతాబ్దం వరకు షేవింగ్ అంటే మడత కత్తే. రోజూ తోలు పట్టీ మీద తిప్పాలి, అప్పుడప్పుడు రాయి మీద సాన పట్టాలి. చెయ్యి తిరగనివాడు తెగ్గోసుకోవాల్సిందే. అందుకే చాలామందికి బార్బరే దిక్కు. 1880లో అమెరికాలో కాంప్ఫే బ్రదర్స్ ఒక సేఫ్టీ రేజర్‌కి పేటెంట్ తీసుకున్నారు. తెగకుండా అడ్డు ఉంది, బాగానే ఉంది. కానీ బ్లేడ్ మందంగా ఉండేది, దానికీ సాన తప్పలేదు.

అప్పుడు వచ్చాడు కింగ్ క్యాంప్ జిలెట్. కింగ్ అనేది బిరుదు కాదు, పేరే. ఇంజనీర్ కూడా కాదు, సేల్స్‌మన్. సీసాల మూతలు తయారుచేసే కంపెనీలో పని. కూల్‌డ్రింక్ సీసాకి పళ్లు పళ్లుగా ఉండే రేకు మూత ఉంటుంది చూడండి, దాన్ని కనిపెట్టిన విలియం పెయింటర్ కంపెనీ అది. ఒకసారి వాడి పారేసే వస్తువు కనిపెడితే జనం మళ్లీ మళ్లీ కొంటారని జిలెట్‌కి సలహా ఇచ్చింది ఆయనే. 1895లో ఒక రోజు పొద్దున మొద్దుబారిన కత్తితో షేవ్ చేసుకుంటుంటే జిలెట్‌కి ఐడియా తట్టింది: రేకులాంటి పల్చటి బ్లేడ్, సాన లేదు, మొద్దుబారితే పారెయ్యడమే.

ఐడియా సరే, చేసేదెవరు? అంత పల్చటి స్టీల్‌ని వంకర పోకుండా గట్టిపరచడం, దానికి పదును పెట్టడం కుదరదని తెలిసినవాళ్లంతా చెప్పారు. ఏళ్లు గడిచాయి. చివరికి ఎంఐటీలో చదువుకున్న విలియం నికర్సన్ అనే ఇంజనీర్ దాన్ని సాధ్యం చేశాడు, మెషీన్లు కూడా తనే డిజైన్ చేశాడు. పేరంతా జిలెట్‌కి పోయింది గానీ, సగం క్రెడిట్ ఈయనది. 1901లో కంపెనీ మొదలైంది. 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే. మరుసటి ఏడాది 90,884 రేజర్లు. మన భాషలో చెప్పాలంటే వైరల్.

అందరూ చెప్పే కథ తప్పు

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. బిజినెస్ వీడియోలు చూసేవాళ్లకి ఈ లైన్ తెలిసే ఉంటుంది: "జిలెట్ రేజర్‌ని దాదాపు ఫ్రీగా ఇచ్చి, బ్లేడ్ల మీద సంపాదించాడు." ప్రింటర్ చవక, ఇంక్ ఖరీదు అని చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే ఇస్తారు. కానీ మొదట్లో జరిగింది దానికి రివర్స్.

జిలెట్ రేజర్ రేటు 5 డాలర్లు. అప్పట్లో ఫ్యాక్టరీ వర్కర్ వారం జీతంలో దాదాపు మూడో వంతు. పోటీ కంపెనీలు ఒక డాలర్‌కే రేజర్ సెట్లు అమ్ముతుంటే కూడా జిలెట్ రేటు తగ్గించలేదు. ఎందుకంటే చేతిలో పేటెంట్ ఉంది. 1904లో వచ్చిన ఆ పేటెంట్ 17 ఏళ్లు పనిచేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 35 లక్షల జిలెట్ రేజర్లు కొని సైనికులకి ఇచ్చింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాళ్లకి రోజూ సొంతంగా గడ్డం గీసుకోవడం అలవాటైపోయింది.

1921లో పేటెంట్ అయిపోయింది. ఇక ఆ రేజర్‌ని, ఆ బ్లేడ్‌ని ఎవరైనా చేయొచ్చు. అప్పుడు గానీ జిలెట్ పాత మోడల్‌ని ఒక డాలర్‌కి దించలేదు. అదే టైమ్‌లో 5 డాలర్లకి ఒక కొత్త మోడల్ దించింది, దానికి కొత్త పేటెంట్ ఉంది కాబట్టి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని రిపీటే.

గొడవంతా బ్లేడ్ మధ్యలో ఉన్న రంధ్రం గురించే

బ్లేడ్ చేతిలోకి తీసుకుంటే అందరం అంచు చూస్తాం. నేను మధ్యలో ఉన్న రంధ్రం చూడమంటాను. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఇంటర్‌ఫేస్ అంటాం. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఛార్జర్ పిన్ను. సన్న పిన్ను, లావు పిన్ను అని ఇంట్లో నాలుగు ఛార్జర్లు పెట్టుకున్న రోజులు గుర్తున్నాయా? సరిగ్గా అదే గొడవ.

1920ల చివర్లో హెన్రీ గైస్‌మన్ అనే ఆయన ఒక తెలివైన పని చేశాడు. ఆయన బ్లేడ్ జిలెట్ రేజర్‌లో పడుతుంది, జిలెట్ బ్లేడ్ మాత్రం ఆయన రేజర్‌లో పడదు. జిలెట్ కూడా కొత్త బ్లేడ్ దించింది. పేటెంట్ కేసు పడింది. చివరికి 1930లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఆ కలిసే టైమ్‌లో లెక్కలు చూస్తే, జిలెట్ కంపెనీ తన లాభాల్ని ఎక్కువ చేసి చూపించిందని బయటపడింది. పెత్తనం గైస్‌మన్ వర్గం చేతికి వెళ్లింది. కంపెనీకి తన పేరు పెట్టిన కింగ్ జిలెట్ 1932లో చనిపోయాడు, అప్పటికి ఆయన ఆస్తి చాలావరకు కరిగిపోయింది.

వాళ్లు కొట్టుకున్నారు గానీ, మిగిలింది మనకి. మధ్యలో పొడవాటి గాడి ఉన్న ఆ బ్లేడ్ ఆకారం తర్వాత అందరిదీ అయిపోయింది. ఏ దేశంలో ఎవరు చేసినా అదే సైజు, అదే గాడి. పోటీ ఇక పదును మీదే.

పోటీ ఉంటే ఏమవుతుందో చూడండి. 1962లో బ్రిటన్‌లో విల్కిన్‌సన్ స్వోర్డ్ కంపెనీ స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడ్ దించింది. పేరులోనే ఉంది కదా, కత్తులు చేసే కంపెనీ. వాళ్ల బ్లేడ్ తుప్పు పట్టదు, ఎక్కువ షేవ్‌లు వస్తుంది. షాపుల్లో స్టాక్ దొరకనంతగా జనం ఎగబడ్డారు. బ్లేడ్ మార్చడానికి రేజర్ మార్చక్కర్లేదు కాబట్టి కస్టమర్ ఒక్క రోజులో అటు దూకేశాడు. జిలెట్ కూడా దిగొచ్చి 1963లో స్టెయిన్‌లెస్ బ్లేడ్ తేవాల్సి వచ్చింది.

కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. బ్లేడ్ ఎక్కువ రోజులు వస్తే అమ్మకం తగ్గుతుంది. ఎవరి బ్లేడైనా పడుతుంది కాబట్టి రేటు పెంచలేం. మరి దారేంటి? రంధ్రాన్నే మార్చెయ్యడం.

ఒకటి, రెండు, మూడు... ఐదు

1971లో జిలెట్ ట్రాక్ టూ వచ్చింది. ప్లాస్టిక్ తలలో రెండు బ్లేడ్లు బిగించి ఉంటాయి. అరిగిపోతే బ్లేడ్ ఒక్కటే మార్చలేం, తలంతా మార్చాలి. ఆ తల ఎక్కే హ్యాండిల్ వాళ్లదే, పేటెంట్ వాళ్లదే. 1977లో అటూ ఇటూ వంగే తల, 1990లో సెన్సర్, 1998లో మూడు బ్లేడ్ల మాక్ 3. ఒక్క మాక్ 3 మీదే 75 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. 2003లో షిక్ కంపెనీ నాలుగు పెట్టింది. 2006లో జిలెట్ ఐదు పెట్టింది.

కామెడీ ఏంటంటే, 1975లో అమెరికాలో సాటర్‌డే నైట్ లైవ్ షో మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే "మూడు బ్లేడ్ల రేజర్" అని ఒక ఉత్తుత్తి యాడ్ వేసి నవ్వించారు. 23 ఏళ్ల తర్వాత అది నిజమైంది. 2004లో ది ఆనియన్ అనే సెటైర్ పత్రిక ఐదు బ్లేడ్ల మీద జోకేసింది. దానికి రెండేళ్లే పట్టింది.

ఈ కొత్త తలలు పనికిరావని నేను అనట్లేదు. హడావిడిలో కార్ట్రిడ్జ్ నిజంగా ఈజీ. చేతులు వణికే పెద్దవాళ్లకి అదే సేఫ్. కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. మొదటి బ్లేడ్ వెంట్రుకని కాస్త లాగితే వెనకది చర్మం కిందికి కోస్తుందని యాడ్‌లో గొప్పగా చెప్పారు కదా. అలా లోపలికి తెగిన వెంట్రుక, ముఖ్యంగా ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకి, బయటికి రాకుండా చర్మంలోనే పెరిగి కురుపులు తేవచ్చు. ఆ సమస్య ఉన్నవాళ్లకి ఒకే బ్లేడ్‌తో షేవ్ చేసుకోమని చర్మ డాక్టర్లు చెప్తుంటారు.

మన దగ్గర ఏం జరిగింది

ఇక ఇండియాకి వద్దాం. కార్ట్రిడ్జ్ ఇక్కడ అంత ఈజీగా గెలవలేదు. 2002లో జిలెట్ ఇండియా కోసం వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. టెస్టింగ్ ఎవరి మీద చేశారో తెలుసా? అమెరికాలో ఎంఐటీలో చదివే ఇండియన్ స్టూడెంట్స్ మీద. వాళ్లంతా సూపర్ అన్నారు. తీరా ఇక్కడికి వస్తే, బ్లేడ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుపోయి రావట్లేదు. హాస్టల్‌లో కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి, ఇక్కడ చాలా ఇళ్లలో ఒక చిన్న కప్పు నీళ్లతోనే గడ్డం పని అయిపోతుంది. మనం ప్రొడక్షన్‌లో బగ్ అంటామే, అదన్నమాట. తర్వాత వాళ్ల టీమ్ ఇండియా అంతా తిరిగి, ఇళ్లలో కూర్చుని జనం ఎలా గీసుకుంటున్నారో చూసి, 2010లో గార్డ్ తెచ్చింది. ఒకటే బ్లేడ్. రేజర్ 15 రూపాయలు, తల 5 రూపాయలు. ఐదు బ్లేడ్ల కంపెనీ మళ్లీ ఒక బ్లేడ్ దగ్గరికి వచ్చింది. కానీ ఆ తల ఎక్కే చోటు మాత్రం వాళ్లదే ఉంచుకుంది, గమనించండి.

అసలు కథ మన సెలూన్లలో ఉంది. బార్బర్ డబుల్ ఎడ్జ్ బ్లేడ్‌ని కాగితంతో పాటే మధ్యకి విరిచి, సగం ముక్క కత్తి పిడిలో పెట్టడం మీరు వందసార్లు చూసుంటారు. ఒకప్పుడు ఒకే కత్తి అందరి గడ్డాల మీదా తిరిగేది. ఎయిడ్స్ ప్రచారం జోరుగా జరిగిన రోజుల్లో జనానికి భయం పట్టుకుంది. "అన్నా, కొత్త బ్లేడ్ వెయ్" అనే మాట అప్పుడే ఊరూరా అలవాటైంది. ఇప్పుడు మనం అడక్కముందే, మన కళ్లెదురుగా కొత్తది విరుస్తారు. ఆలోచించండి, మనిషికో కొత్త అంచు అనేది చిన్న ఊళ్లో, తక్కువ రేటు షేవింగ్‌లో ఎలా సాధ్యమైంది? ఆ అంచు ఖరీదు ఒకటీ రెండు రూపాయలే కాబట్టి. ఆకారం మీద ఎవడికీ హక్కు లేదు కాబట్టి పది కంపెనీలు చేస్తున్నాయి, పది కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి అంత చవక. కార్ట్రిడ్జ్ రేటే ఉంటే ఆ రూల్ ఒక్క సెలూన్‌లో కూడా నిలబడేది కాదు.

మారాలనుకునేవాళ్లకి

సరే, చివరిగా ప్రాక్టికల్ విషయాలు. కార్ట్రిడ్జ్‌ని నొక్కడం మనకి అలవాటు. డబుల్ ఎడ్జ్‌ని అలా నొక్కితే తెగుతుంది. రేజర్ బరువే చాలు, చెయ్యి దారి చూపిస్తే సరిపోతుంది. బ్లేడ్ బుగ్గకి సుమారు 30 డిగ్రీల కోణంలో తగిలేలా పట్టుకోండి. ముందు గడ్డాన్ని గోరువెచ్చటి నీళ్లతో బాగా తడపండి, తడిసిన వెంట్రుక మెత్తబడుతుంది. వెంట్రుక మొలిచిన దిశలోనే గీయండి, మొదటి రెండు మూడు వారాలు ఎదురు గీతలు వద్దు. అయ్యాక పటిక రాయి తడిపి రాస్తే చిన్న చిన్న గాట్లు ఆగుతాయి.

రెండు హెచ్చరికలు. ఒకటి, బ్రష్షులు, క్రీములు, ఇంపోర్టెడ్ రేజర్లు అంటూ కలెక్షన్ మొదలెడితే మిగిలిన డబ్బంతా మళ్లీ అటే పోతుంది. ఒక రేజర్, ఒక సబ్బు, కిరాణా కొట్టు బ్లేడ్లు చాలు. రెండోది ముఖ్యం. పాత అమెరికా ఇళ్లలో బాత్రూమ్ అద్దం వెనక చిన్న సందు ఉండేది, వాడిన బ్లేడ్లు అందులో వేస్తే గోడ లోపలికి పడిపోయేవి. మనకి ఆ గోడ లేదు. మనం చెత్తలో పడేసిన బ్లేడ్ తెల్లారేసరికి మున్సిపాలిటీ వర్కర్ చేతికి తగులుతుంది, చాలాసార్లు ఆ చేతికి గ్లవ్ కూడా ఉండదు. ఒక పాత రేకు డబ్బాకి సన్నటి గాటు పెట్టి అందులో వేస్తూ పోండి. నిండాక టేప్ చుట్టి, "బ్లేడ్లు" అని రాసి, విడిగా చేతికివ్వండి. చవక బ్లేడ్ వాడే హక్కు మనకుంటే, ఈ బాధ్యత కూడా మనదే.

మీ ఇంట్లో నాన్నగారిదో తాతయ్యదో పాత రేజర్ ఉంటే ఒకసారి బయటికి తీసి, కిరాణా కొట్టు బ్లేడ్ పెట్టి చూడండి. పట్టిందా లేదా కామెంట్లలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.