లంక పొగాకు చుట్ట

లంక పొగాకు చుట్ట: గోదావరి లంకల్లో పండే నాటు పొగాకును చేత్తో చుట్టి చేసే, సిగార్ జాతికి చెందిన ధూమపాన సరుకు. వరద ఒండ్రులో పెరిగిన ఆకును నీడలో ఆరబెట్టి, కుప్పవేసి మాగబెడతారు. అందువల్ల ముదురు రంగు, ఘాటు వస్తాయి. ఏలూరు జిల్లా మెట్టలోని జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ప్రాంతాల్లో పండేది వర్జీనియా రకం. బ్యారన్‌లలో వేడిగాలికి పండబెట్టే ఆ ఆకు సిగరెట్లకు వెళ్తుంది. పొగాకుపై పరిశోధనకు 1947లో రాజమండ్రిలో కేంద్ర సంస్థ ఏర్పడింది.

క్యూబా సిగార్‌లో లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైచుట్టు ఆకు వేరువేరు. వాటికి పేరుపొందిన ప్రాంతం పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో. అమెరికాలోని కనెక్టికట్‌లో పందిళ్ల నీడన పెంచే పైచుట్టు ఆకు పల్చన, రుచి మృదువు. సిగార్ మందాన్ని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. చర్చిల్ రకం పొడవు 7 అంగుళాలు, మందం 47. ఊరి చుట్టకు నిర్ణీత కొలత లేదు. ఘాటు, వాసనల్లో తేడాకు నేల, ఆకు రకం, మాగిన కాలం కారణాలు. ఎంపిక అలవాటును బట్టి మారుతుంది.

అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలే. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొనను నోట్లో ఉంచుకునే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది.