మార్చుకోవడానికి వీలున్న పరిశోధన భవనం

ఇవాళ రసాయన ప్రయోగాలు జరిగే గదిలో రేపు జీవకణాలు పెంచాల్సి వస్తే, పక్క గదుల్లో పని ఆగకుండా మార్పులు చేసుకోగలిగేలా కట్టిన ప్రయోగశాల భవనం. గోడలు జరపడం పెద్ద పని కాదు. చిక్కంతా నీటి పైపులు, గ్యాస్ లైన్లు, కరెంటు కేబుళ్లతోనే, అన్నిటికన్నా ఎక్కువగా లావుపాటి గాలి గొట్టాలతో. ఫ్యూమ్ హుడ్ (ప్రయోగాల్లో వచ్చే హానికర ఆవిర్లను లాగేసే అర) పీల్చిన గాలిని సాధారణంగా ఆఫీసు ఏసీలో లాగా మళ్లీ తిప్పి వాడరు, బయటికి పంపేస్తారు.

అమెరికాలోని మర్రే హిల్‌లో 1941లో తెరిచిన బెల్ ల్యాబ్స్ భవనంలో గదులను 6 అడుగుల కొలతతో పేర్చి, కదిపే పార్టిషన్లు పెట్టారు. ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1943లో రాడార్ పరిశోధనకు హడావిడిగా లేపిన బిల్డింగ్ 20 కలపతో కట్టిన తాత్కాలిక భవనం. పాడైపోతుందన్న బెంగ లేదు కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు దాన్ని కోసి మార్చుకున్నారు. అణు గడియారం కోసం రెండు అంతస్తుల నేలనే తీసేశారు. ఆ భవనం 1998 దాకా నిలిచింది.

ఫిలడెల్ఫియాలో వాస్తుశిల్పి లూయీ కాన్ రూపొందించిన రిచర్డ్స్ ప్రయోగశాల 1960 నాటికి పేరు తెచ్చుకుంది గానీ, లోపల పనిచేసేవాళ్లను సుఖపెట్టలేదు. గాలి గొట్టాలకు ఇటుక గోపురాలు కట్టారు, గదుల కప్పుల్లో మాత్రం పైపులు బయటికే ఉండి దుమ్ము పట్టేవి. ఎండ తట్టుకోలేక శాస్త్రవేత్తలు అద్దాలకు అల్యూమినియం రేకు అంటించుకున్నారు.

పోలియో టీకా రూపొందించిన జోనాస్ సాల్క్ 1959లో కాన్‌ను కలిశాడు. శాన్ డియేగో నగరంలోని లా హోయాలో 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో కాన్ తన పాత లోపాన్ని సరిదిద్దుకున్నాడు. ఒక్కో ప్రయోగశాల 65 అడుగుల వెడల్పు, 245 అడుగుల పొడవు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ప్రతి ప్రయోగశాల మీదా 9 అడుగుల ఎత్తున పైపులకే ఒక అంతస్తు వదిలేశారు. ఇంజనీరు ఆగస్ట్ కొమెండాంట్ అక్కడ వాడిన వీరెండీల్ ట్రస్సుల్లో (కప్పును మోసే చట్రాల్లో) ఏటవాలు కడ్డీలుండవు. అందుకే మరమ్మతు చేసేవాడు వంగకుండా నడిచి వెళ్లి, కావలసినచోట కప్పులోని సందుల గుండా కొత్త లైను కిందికి దించుతాడు. కింద ప్రయోగం నడుస్తూనే ఉంటుంది. అందరూ ఫొటో తీసుకునే ముంగిలి కన్నా ఈ చీకటి అంతస్తే ఆ భవనంలో గొప్ప ఆలోచన.

ఖర్చు మాత్రం మామూలుది కాదు. జీవశాస్త్ర కంపెనీలకు అద్దెకిచ్చే భవనాల్లో అలా ప్రత్యేక అంతస్తు వదలడం అరుదు. అంతస్తుల ఎత్తు కాస్త పెంచి, పైపులు, గొట్టాలు వెళ్లే నిలువు షాఫ్టుల్లో ఖాళీ ఉంచి, మిద్దె మీద అదనపు యంత్రాలకు చోటు మిగిల్చి, లోపలి ఏర్పాట్లు అద్దెకొచ్చేవాళ్లకు వదిలేస్తారు. హైదరాబాద్ శివారులో 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీలో, తుర్కపల్లిలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ చిన్న కంపెనీలకు ప్రయోగశాలలు అద్దెకిస్తోంది. షాఫ్టులో చోటు లేకపోతే కొత్తగా దిగే కంపెనీకి ఒక్క ఫ్యూమ్ హుడ్ పెంచుకోవడమూ కష్టమే.