తక్షణ ఫిల్ము బ్యాక్

తక్షణ ఫిల్ము బ్యాక్ అనగా పెద్ద ఫార్మాట్ కెమెరా వెనుక భాగాన, మామూలు షీట్ ఫిల్ము హోల్డరుకు బదులుగా అమర్చే పరికరము. చీకటి గది అవసరం లేకుండా, చిత్రం తీసిన కొద్ది నిమిషాలలోనే ముద్ర చేతికి వస్తుంది. వాడుకలో దీనిని పోలరాయిడ్ బ్యాక్ అని పిలిచినా, ఫుజీఫిల్మ్, లోమోగ్రఫీ సంస్థలు కూడా ఇటువంటి బ్యాక్‌లను తయారు చేశాయి. 4×5 అంగుళాల కెమెరాలతో వీటి వాడకం ఎక్కువ. పాత కెమెరాలకు అమర్చేటప్పుడు ఎదురయ్యే ముఖ్యమైన చిక్కు, ఫిల్ము తలము గ్రౌండ్ గ్లాసు (గరుకు అద్దము) తలముతో సరిగా కలవకపోవడం.

చరిత్ర

అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ లాండ్ తక్షణ ఛాయాగ్రహణాన్ని 1947 ఫిబ్రవరి 21న న్యూయార్కులో మొదటిసారి ప్రదర్శించాడు. 1948 నవంబరులో పోలరాయిడ్ సంస్థ తొలి కెమెరా, మోడల్ 95, బోస్టన్‌లో అమ్మకానికి వచ్చింది. అప్పటికే స్టూడియోలలోనూ, పత్రికా ఛాయాగ్రాహకుల చేతిలోనూ వేలాదిగా ఉన్న 4×5 కెమెరాలకు ఈ ఫిల్మును అందించేందుకు 1958లో పోలరాయిడ్ 500 రకం హోల్డరును విడుదల చేసింది. తరువాత వచ్చిన 545 హోల్డరు దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది.

ప్రకృతి ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1940ల చివరి నుండి పోలరాయిడ్‌కు సలహాదారుగా ఉన్నాడు. 1961లో వచ్చిన టైప్ 55 ఫిల్ము ముద్రతో పాటు తిరిగి వాడుకోదగిన నెగెటివ్‌ను కూడా ఇచ్చేది. యోసెమిటీలోని ఎల్ కాపిటన్ శిలపై శీతాకాలపు ఉదయాన్ని ఆడమ్స్ 1968లో ఈ ఫిల్ముపైనే తీశాడు. తక్షణ ఫిల్ము కేవలం నమూనా చూసుకోవడానికే పనికి వస్తుందన్న అభిప్రాయానికి ఈ చిత్రమే తగిన సమాధానం. అయినా స్టూడియోలలో ఈ బ్యాక్‌ల ప్రధాన వాడుక నమూనా చిత్రమే. ఖరీదైన రంగుల షీట్ ఫిల్ము వాడే ముందు దీపాల అమరికను, ఎక్స్‌పోజరును సరిచూసుకునేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

రకాలు

545 వంటి షీటు హోల్డరులో ఒక్కొక్క ఫిల్ము ఒక కాగితపు కవరులో వస్తుంది. కవరును లోపలికి దూర్చి, వెనక్కు లాగినప్పుడు నెగెటివ్ లోపలే నిలిచిపోతుంది. ఎక్స్‌పోజరు ఇచ్చిన తరువాత కవరును మళ్ళీ లోపలికి నెట్టి, మీట తిప్పి మొత్తంగా బయటకు లాగాలి. అప్పుడు రెండు రోలర్ల నడుమ రసాయన పొట్లం పగిలి, ద్రవం నెగెటివ్, పాజిటివ్ కాగితాల మధ్య సమంగా పరచుకుంటుంది. నిర్ణీత సమయం తరువాత రెండింటినీ విడదీస్తారు.

ప్యాక్ ఫిల్ము 1963లో వచ్చింది. దీని కొలత 3¼×4¼ అంగుళాలు. ఇది పాత క్వార్టర్ ప్లేటు కొలతే. చిత్రం మాత్రం సుమారు 73×95 మి.మీ. ఉంటుంది. 4×5 కెమెరాలకు దీనిని పోలరాయిడ్ 405 హోల్డరు ద్వారా వాడేవారు.

మూడవది విడదీసే అవసరం లేని ఏకఖండ ఫిల్ము. ఇందులో పోలరాయిడ్, ఇన్‌స్టాక్స్ రకాల మధ్య భేదం గమనించదగినది. 1972 నాటి ఎస్‌ఎక్స్-70 నుండి పోలరాయిడ్ ఏకఖండ ఫిల్ముకు చిత్రం కనిపించే వైపు నుండే కాంతి సోకాలి. అందువలన ఆ కెమెరాలలో అద్దం ఉంటుంది. అద్దం లేని 4×5 కెమెరాలో దీనిని పెడితే బొమ్మ కుడి ఎడమలు తారుమారై, దుకాణాల పేర్లు తిరగబడి కనిపిస్తాయి. ఇన్‌స్టాక్స్‌లో కాంతి వెనుక వైపు నుండి సోకుతుంది కనుక ఈ ఇబ్బంది లేదు.

పాత కెమెరాకు అమర్చడం

కెమెరా వెనుక భాగం ఏ రకమో ముందుగా తెలుసుకోవాలి. గ్రౌండ్ గ్లాసు ఫ్రేమును స్ప్రింగులు పట్టి ఉంచి, హోల్డరును దాని కిందకు జొప్పించేదానిని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. 545 హోల్డరులో కెమెరాలోకి వెళ్ళే భాగం పలుచగా ఉండటం వలన అది ఇక్కడ సరిపోతుంది. ప్యాక్ హోల్డరు మందం ఎక్కువ కావడంతో సాధారణంగా గ్లాసు ఫ్రేమును తీసివేయవలసి వస్తుంది. గ్రాఫ్లెక్స్ సంస్థ 1949లో ప్రవేశపెట్టిన గ్రాఫ్లాక్ బ్యాక్ ఇందుకు అనుకూలం. ఇందులో ఫ్రేము విడివడుతుంది, రెండు జారుడు పట్టీలు బ్యాక్‌ను బిగించి ఉంచుతాయి. అంతకు ముందరి స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలకు ఈ సౌకర్యం లేదు. పేరును బట్టి పొరబడే అవకాశం ఉంది గాని, అద్దం గల పాత గ్రాఫ్లెక్స్ కెమెరాల 'గ్రాఫ్లెక్స్ బ్యాక్' వేరు. దానికి మామూలు 4×5 హోల్డర్లు పట్టవు.

భారతీయ స్టూడియోలలో వాడిన చెక్క కెమెరాలకు, ఉదాహరణకు కేరళలోని అలప్పుళలో తయారైన వాగీశ్వరి వంటి వాటికి, వాటి సొంత ప్లేటు హోల్డర్లు ఉండేవి. ఇటువంటి కెమెరాలకు మూల ఫ్రేమును కోయకుండా, దాని స్థానంలో పట్టే కొత్త చెక్క పలకకు గ్రాఫ్లాక్ బ్యాక్‌ను బిగించడం మేలు. పాత ఫ్రేమును ఒకసారి కోస్తే కెమెరాను తిరిగి పూర్వస్థితికి తేవడం కష్టం.

ప్రామాణిక 4×5 హోల్డరులో ఆనే అంచు నుండి ఫిల్ముకు లోతు 0.197 అంగుళాలు, అనగా 5 మి.మీ. గ్రౌండ్ గ్లాసు గరుకు తలము కూడా ఇంతే లోతులో ఉండాలి. గరుకు వైపు ఎప్పుడూ లెన్సు వైపుకే ఉంటుంది. కొలవడానికి అంచుపై ఒక స్కేలును అడ్డంగా పెట్టి, వెర్నియర్ కాలిపర్స్ లోతు కడ్డీతో నాలుగు మూలలా కొలిచి, స్కేలు మందాన్ని తీసివేస్తారు. హోల్డరులో ఒక పాడైన ఫిల్మును ఉంచి దానినీ ఇదే విధంగా కొలవాలి.

తేడా ఎంత వరకు సహించవచ్చు అనేది ఎపర్చరును బట్టి ఉంటుంది. 0.1 మి.మీ. మసక బిందువును అనుమతిస్తే, ఎఫ్/5.6 వద్ద ఫిల్ము ముందుకో వెనుకకో 0.56 మి.మీ. మాత్రమే జరగవచ్చు. ఎఫ్/22 వద్ద ఇది 2.2 మి.మీ. కనుక ప్రకృతి దృశ్యాలలో బయటపడని దోషం, లెన్సును పూర్తిగా తెరిచి తీసిన ముఖచిత్రంలో కళ్ళకు బదులు చెవులు స్పష్టంగా రావడంతో బయటపడుతుంది. గ్లాసు లెన్సుకు దగ్గరగా ఉంటే దాని కింద పలుచని కాగితపు పట్టీలు పెట్టి సరిచేస్తారు. అయితే తక్షణ బ్యాక్ కోసం గ్లాసును జరిపితే మామూలు హోల్డర్లతో తీసిన చిత్రాలు మసకబారుతాయి. రెండూ వాడేవారు గ్లాసును ప్రామాణిక లోతులోనే ఉంచి, తక్షణ బ్యాక్ కొరకు మాత్రం తీసి పెట్టగల పలకను వాడాలి. 2020లో లోమోగ్రఫీ విడుదల చేసిన లోమోగ్రాఫ్లాక్ బ్యాక్‌తో అటువంటి పలక వస్తుంది.

కొన్ని గ్రాఫిక్ కెమెరాలలో గ్లాసుకు ముందు ఫ్రెనెల్ కటకం ఉంటుంది. గ్లాసును దానితో కలిపే అమర్చి ఉంటారు. వెలుతురు కోసమో శుభ్రత కోసమో దానిని తొలగిస్తే ఫోకస్ మారిపోతుంది. పాత కెమెరా కొన్నవారు బ్యాక్‌ను అనుమానించే ముందు దీనిని చూసుకోవడం మంచిది.

ఎక్స్‌పోజరు

ఇన్‌స్టాక్స్ ఫిల్ము వేగం ఐఎస్ఓ 800. ఎండలో దీనికి ఎఫ్/16 వద్ద సెకనులో 800వ వంతు చాలు. పాత షట్టర్లు అంత వేగం ఇవ్వలేవు. సెకనులో 200వ వంతు గల షట్టరుతో ఎఫ్/32 వరకు మూయవలసి ఉంటుంది. షట్టరు లేకుండా మూత తీసి పెట్టే లెన్సులకు ఒక సెకను ఎక్స్‌పోజరు కావాలంటే కాంతిని సుమారు వెయ్యో వంతుకు తగ్గించే ఎన్.డి. ఫిల్టరు అవసరం. పాత షట్టర్లు నెమ్మదిస్తాయి కూడా. తక్షణ ఫిల్ముకు ఎక్స్‌పోజరు విషయంలో సహనం తక్కువ కాబట్టి ఆ లోపం వెంటనే తెలుస్తుంది.

ఫిల్ము లభ్యత

పోలరాయిడ్ 2008 ఫిబ్రవరిలో తక్షణ ఫిల్ము తయారీని ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. ఫుజీఫిల్మ్ చివరి ప్యాక్ ఫిల్ము ఎఫ్‌పి-100సి నిలిపివేతను 2016లో ప్రకటించింది. టైప్ 55ను పునరుద్ధరించేందుకు 2014లో ప్రజల విరాళాలతో మొదలైన న్యూ55 సంస్థ 2017 చివరలో మూతపడింది. తరువాత వియన్నాలోని సూపర్‌సెన్స్ సంస్థ వన్ ఇన్‌స్టంట్ పేరుతో ఒకే చిత్రం గల ప్యాకులను చేతితో తయారు చేసింది. నిల్వ ఉన్న పాత ప్యాకులలో రసాయన పొట్లాలు ఎండిపోవడం సాధారణం. లోపలి ద్రవం క్షారగుణం కలది కనుక చర్మానికి తగలనీయరాదు, రోలర్లను తరచుగా తడిగుడ్డతో తుడవాలి.

ఈ కారణాల వలన 4×5 కెమెరాలకు సులువుగా దొరికేది ఇన్‌స్టాక్స్ వైడ్ ఫిల్ము మాత్రమే. దాని చిత్రం 62×99 మి.మీ. కాబట్టి గ్లాసుపై కనిపించేదంతా ముద్రలోకి రాదు. ఈ హద్దులను గ్లాసుపై పెన్సిలుతో గీసి ఉంచుకోవడం వాడుక.